వేల్స్ పెద్దాయన ఎదుట నేనెత్తిన చేతులు

అభాసుపాలు కావడంలో కూడా అదృష్టం ఉండాలి. కొందరు ఇంట్లో అవుతారు, ఇంట్లోవాళ్ళు నవ్వి ఊరుకుంటారు. కొందరు బజార్లో అవుతారు, జనం నాలుగు రోజుల్లో మరిచిపోతారు. నేను మాత్రం కోదాడలో, పెద్ద టెంటు కింద, మూడు ఊళ్ళ సంఘాల ముందు, మైకులు ఆన్‌లో ఉండగా, ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కళ్ళెదుట అయ్యాను. ఆ సాయంత్రం తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు తడుస్తాయి. మీరు నవ్వుకోండి, నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఆ చెమట నాకు డిసెంబరు చలిలో పట్టిందని గుర్తుపెట్టుకుని నవ్వండి.

అప్పట్లో నేను సూర్యాపేటలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఆదివారాలు మా చర్చి కోయిర్లో చివరి వరసలో నిలబడి పాడేవాణ్ణి. నా గొంతు గురించి మా అమ్మ తప్ప ఇంకెవరూ మంచిమాట అన్న దాఖలా లేదు. అలాంటి గొంతున్నవాడికి కోయిర్లో గౌరవం రావాలంటే ఒకటే దారి. తాను పాడకూడదు, ఇతరుల చేత పాడించాలి. ఆ దారి నాకు ఫోన్లో దొరికింది.

వేల్స్ అనే దేశంలో ఒక పెద్దాయన ఉన్నాడు. పాటలు కడతాడు, వందల మందిని ముందు నిలబెట్టి చేతులతోనే పాడిస్తాడు. పేరు రాద్దామంటే అందులో అచ్చులు వెతుక్కోవాలి, కాబట్టి పెద్దాయన అనే అంటాను. బొగ్గు గనుల ఊళ్ళో పుట్టాడట. తండ్రి గనిలోకి దిగేవాడు. ఆ ఊళ్ళో మగవాళ్ళంతా పగలు బొగ్గు తవ్వి, సాయంత్రం మొహం కడుక్కుని చర్చిలో పాడేవాళ్ళు. ఈయన మీసాలు రాకముందే ఆర్గన్ వాయించడం మొదలుపెట్టాడు, మీసాలు వచ్చేసరికి ఆ గని కార్మికుల కోయిర్‌నే నడిపించాడు. తర్వాత బడిపంతులయ్యాడు. తర్వాత నగరాలు, పెద్ద పెద్ద హాళ్ళు, రేడియోలు. ఎన్ని పాటలు కట్టినా ఆయనకు పేరు తెచ్చింది ఒకే ఒక్క పాట. ఇంకా చెప్పాలంటే ఆ పాటలో పాడని ముక్క.

ఆయన చిన్నప్పుడు ఒకరోజు గనిలో ప్రమాదం జరిగిందట. సైరన్ మోగింది. ఊరి ఆడవాళ్ళంతా గని వాకిట్లో నిలబడ్డారు. కింద ఎవరు బతికారో, ఎవరు లేరో తెలియదు. ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళ అమ్మ కొంగు లాంటిదేదో పట్టుకుని ఈయనా నిలబడ్డాడు. పెద్దయ్యాక ఆ రోజు మీద పాట కట్టాడు. చివరి పాదానికి ముందు పాట ఆగిపోతుంది. ముందు నిలబడి పాడించే కండక్టర్ రెండు చేతులూ పైకెత్తి అలాగే ఉంచుతాడు. హాలంతా నిశ్శబ్దం. మనం ఊపిరి బిగబట్టి, ఇక చాలు దేవుడా అనుకునేదాకా ఉంటుంది ఆ మౌనం. అప్పుడు చేతులు కిందికి దిగుతాయి, కోయిర్ మెల్లగా చివరి పాదం అందుకుంటుంది. ఆ వీడియో మొదటిసారి చూసినప్పుడు, నిజం చెప్తున్నాను, నేను ఏడ్చాను. ఏడ్చి ఊరుకుంటే ఈ కథ ఉండేది కాదు.

ఆయన ఆన్‌లైన్లో ఒక పూట క్లాసు చెప్తానంటే చేరాను. తెర మీద తపాలా బిళ్ళలంత మొహాలు వందలకొద్దీ ఉన్నాయి, అందులో ఒకటి నాది. క్లాసు అయ్యాక ఉత్సాహం ఆపుకోలేక ఆయనకు మెయిల్ పెట్టాను, మా సూర్యాపేట కోయిర్ మీ పాటను తెలుగులో ఎంతో భక్తితో పాడుతోందని. అప్పటికి మా కోయిర్‌కు ఆ పాట ఉందన్న సంగతే తెలియదు. వీడియో తోక పట్టుకుని మూసీ ఈదుదామనుకున్నానన్నమాట.

ఆయన జవాబిచ్చాడు. డిసెంబరులో హైదరాబాదు నుంచి విజయవాడకు కారులో వెళ్తున్నానని, దారిలోనే కాబట్టి మీ పాట విని వెళ్తానని.

ఆ మెయిల్ చదివినప్పుడు స్టాఫ్‌రూములో ఉన్నాను. చేతిలో టీ గ్లాసు ఉంది. తర్వాత లేదు.

సంగతి పాస్టరుగారికి చెప్పక తప్పలేదు. ఆయన కోదాడ పాస్టరుగారికి చెప్పారు. కోదాడవాళ్ళు పండగకు ముందు చేసుకునే సెమీ క్రిస్మస్ ఆ రోజే పెట్టుకుంటామన్నారు. మిర్యాలగూడ సంఘం మేమూ కలుస్తామంది. వారం తిరిగేసరికి హైవే పక్కన ఫ్లెక్సీ లేచింది. అందులో పెద్దాయన ఫొటో పక్కన నా ఫొటో, దాని కింద ‘ప్రియ శిష్యుడు’ అని. ఆ ఫ్లెక్సీ కింద నుంచి బస్సులో వెళ్ళిన ప్రతిసారీ నేను సీట్లో కిందికి జారి కూర్చునేవాణ్ణి.

ఇక్కడ మా మామ గురించి చెప్పాలి. మా అమ్మకు సొంత తమ్ముడు, పేరు దానియేలు, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజరు. అక్కడి చర్చిలో హార్మోనియం ఆయనదే. ఆయన గొంతు మిల్లు మోతను మించి వినపడాలి కాబట్టి ఇంట్లో కూడా అలాగే వినపడుతుంది. ఆయన కూతురు శాంతి దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్. కోయిర్లో ముందు వరసలో పాడుతుంది. సూదితో రక్తం తీసేటప్పుడు ఎంత నిదానంగా ఉంటుందో మాట్లాడేటప్పుడూ అంతే. నాకు శాంతి అంటే ఇష్టం. శాంతికీ నేనంటే ఇష్టమేనని నా నమ్మకం. మధ్యలో మామ ఉన్నాడు.

పాటను ఎలాగో నేనే తెలుగులోకి దించి, మూడు ఊళ్ళ కోయిర్లకు కలిపి సూర్యాపేటలో ప్రాక్టీసు పెట్టాను. ఈ పాటలో వాయిద్యాలుండవు, గొంతులే ఉంటాయి. అంటే మామకు హార్మోనియం వద్దని చెప్పాలి. చెప్పడానికి మిర్యాలగూడ వెళ్ళాను. మంచం మీద కూర్చున్న ఆయనకు సంగతి చెప్పాను.

“ఇంగ్లండ్ దొర వద్దన్నడా నా పెట్టెను?”

“ఇంగ్లండ్ కాదు మామా, వేల్స్. ఇంగ్లండ్ అంటే ఆయనకు కోపమొస్తది.”

మామ కాస్త ఆలోచించాడు. “అంటే మనల్ని ఆంధ్రోళ్ళంటే మనకు వచ్చినట్టు.”

“గట్లనే.”

ఆ ఒక్క సంగతితో పెద్దాయన మీద మామకు అభిమానం పుట్టింది. నా మీద మాత్రం పుట్టలేదు. పాడలేనోడు పెట్టె ఓడు అన్నడట అని గొణుక్కున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. మామ గొంతు తగ్గించడం నేను చూసింది అదే మొదటిసారి. 

“నీకు శాంతి మీద మనసున్నదని నాకెరికే. ఖమ్మం సంబంధం ఒకటొచ్చింది, పిలగాడు రైల్వేల జేస్తడు. నేనింక మాటియ్యలె. కోదాడల పాట మంచిగ నడిపినవనుకో, బిడ్డ నీది. పాట ఆగమైందనుకో, ఖమ్మానికి ఫోన్ జేస్త. ఒక్క పాట నడపనోడు సంసారం ఏం నడుపుతడు?”

ఆ రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. క్లాసులో ఆవర్తన పట్టిక చెప్తూ మధ్యలో ఆగిపోయి, రెండు చేతులూ ఎత్తి నిలబడేవాణ్ణట. పిల్లలు ప్రిన్సిపాల్‌కు చెప్పారు. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగాడు.

ప్రాక్టీసు మాత్రం బాగా కుదిరింది. అది కూడా ఒప్పుకోవాలి. తలుపులు వేసుకుని పాడేవాళ్ళం. నేను చేతులెత్తితే అందరూ ఆగేవాళ్ళు, బయట ఆటోల శబ్దం తప్ప ఏమీ వినపడేది కాదు, చేతులు దించితే చివరి పాదం మంచులా దిగేది. చివరి ప్రాక్టీసు అయ్యాక శాంతి నా దగ్గరికొచ్చింది.

“బావా, ఈ ఆగుడు గురించి జనాలకు ముందుగాల్నే మైకుల చెప్తవా?”

చెప్పనన్నాను. చెప్పి ఆపితే అది మౌనం ఎలా అవుతుంది, పెద్దాయన కూడా క్లాసులో ముందుగా చెప్పకూడదనే అన్నాడు అన్నాను.

“ఆయన వాళ్ళ జనం సంగతి చెప్పిండు. మన జనం సంగతి నువ్వు జర ఆలోచించు.”

మన జనానికి మాత్రం సంగీతం తెలియదా అని ఎదురు ప్రశ్న వేశాను. శాంతి రక్తం తీసేముందు పేషెంటు చెయ్యి చూసినట్టు నన్ను ఒకసారి చూసి బస్సెక్కింది.

ఆ రోజు రానే వచ్చింది. కోదాడలో చర్చి ముందు ఖాళీ స్థలమంతా టెంటు వేశారు. కాగితం నక్షత్రాలు, సీరియల్ లైట్లు, వెనక బిర్యానీ వాసన. జనం టెంటు దాటి రోడ్డు దాకా ఉన్నారు. ముందు వరసలో సోఫా వేసి పెద్దాయనను కూర్చోబెట్టారు. మనిషి పొడుగు, జుట్టు దూదిలా తెల్లగా ఉంది. మెడలో ఇంత లావు బంతిపూల దండ, భుజాల మీద ఒకదాని మీద ఒకటి శాలువాలు. ఆయన పక్కనే మామ కూర్చున్నాడు. హార్మోనియం లేని చేతులను ఏం చెయ్యాలో తెలియక మోకాళ్ళ మీద మెట్లు నొక్కుతున్నాడు.

ముందు పెద్దాయన గురించి నేను తెలుగులో పరిచయం చెయ్యాలి. కంఠతా పట్టిందంతా మైకు ముందుకు వెళ్ళేసరికి ఆవిరైపోయింది. గని అన్నాను, చర్చి అన్నాను, ఆర్గన్ అన్నాను, మళ్ళీ గని అన్నాను. మనిషిని పైకి తెచ్చి మళ్ళీ గనిలో దింపుతున్నానని నాకే తెలుస్తోంది. జనం మాత్రం ప్రతిదానికీ చప్పట్లు కొట్టారు. మన దగ్గర సన్మాన సభల్లో చప్పట్లకు కొరత ఉండదు.

తర్వాత కోయిర్ వైపు తిరిగాను. అంటే సంఘానికి వీపు చూపించాను. వెనక ఎవరో ముసలాయన, గదేంది, దేవుని సంఘానికి వీపు పెడతడా అనడం వినపడింది.  రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవకూడదంటారు. ఆ మాట అన్నవాడు రోట్లో తల పెట్టి ఉండడు.

పాట మొదలైంది. మొదలవడం కాదు, పారింది. మూడు ఊళ్ళ గొంతులు ఒక్కటిగా లేచాయి. రెండో చరణానికి నా భయం సగమైంది. మూడో చరణానికి నాకు పెళ్ళి పందిరి కూడా కనిపించింది. ఇక ఆ చోటు వచ్చింది. రెండు చేతులూ పైకెత్తాను. కోయిర్ ఠక్కున ఆగింది. టెంటంతా నిశ్శబ్దం. రోడ్డు మీద లారీ కూడా హారన్ కొట్టలేదు.

అయ్యా, అమ్మా, మీరు మా చర్చిలకు వచ్చి ఉంటే ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది. మా దగ్గర స్టేజీ మీద మనిషి రెండు చేతులూ పైకెత్తి కదలకుండా నిలబడ్డాడంటే దానికి ఒకటే అర్థం. అది మాకు ఎవరూ నేర్పింది కాదు, తల్లి ఒళ్ళో ఉన్నప్పటి నుంచి ఒంటికి పట్టింది.

ముందు వరసలోంచి ఒక బొంగురు గొంతు ఖంగుమంది. “స్తోత్రం!”

అంతే. టెంటు లేచిపోయింది. స్తోత్రం, హల్లెలూయ, ప్రభువా. ఆడవాళ్ళ వైపు నుంచి ఒకటి, మగవాళ్ళ వైపు నుంచి ఒకటి, రోడ్డు మీద నుంచి ఒకటి. వందల చేతులు పైకి లేచాయి. ఎవరో కంజీర తీశారు. ఒకావిడ తన కొడుకు ఉద్యోగం గురించి పైకే ప్రార్థన అందుకుంది. మైకులు కూయడం మొదలుపెట్టాయి.

ఇప్పుడు నా పరిస్థితి మీరే ఆలోచించండి. చేతులు దించితే కోయిర్ చివరి పాదం మొదలుపెడుతుంది, ఈ హోరులో అది ఎవరికీ వినపడదు, పాట చచ్చిపోతుంది. దించకపోతే జనం ఆపరు, ఎందుకంటే దేవుణ్ణి స్తుతించమన్న చేతులు ఇంకా పైనే ఉన్నాయి. నేను ఎంతసేపు ఎత్తి ఉంచితే వాళ్ళు అంత గట్టిగా స్తోత్రం అంటున్నారు. వాళ్ళు ఎంత గట్టిగా అంటే నాకు అంత భయమేసి చేతులు అంత బిగుసుకుంటున్నాయి. ముందు కోయిర్, వెనక సంఘం. వీపు వెనక పెద్దాయన ఉన్నాడు. ఆయన జీవితమంతా కాపాడుకున్న మౌనం అది, వాళ్ళ అమ్మ నిలబడిన మౌనం. దాన్ని నేను కోదాడ తీసుకొచ్చి కంజీరతో వాయిస్తున్నాను. ఆయన పక్కన మామ ఉన్నాడు. మామ జేబులో ఫోనుంది, ఫోన్లో ఖమ్మం నంబరుంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఎదురుగా శాంతి కనిపించింది. పెదవి కొరుక్కుంటోంది. నవ్వాపుకుంటోందో జాలి పడుతోందో తెలియలేదు. కళ్ళతో దించు, దించు అంటోంది. ఆమె చూపు మధ్యమధ్య నా భుజం మీదుగా ముందు వరస వైపు పోతోంది. చివరికి చేతులు దించింది నేను కాదు, వాటంతటవే పడిపోయాయి. కోయిర్ చివరి పాదం పాడింది. ఎవరికి వినపడిందో దేవుడికే తెలియాలి. జనం ఆమేన్ అన్నారు.

పెద్దాయన సోఫాలోంచి లేచాడు. స్టేజీ మెట్లెక్కుతున్నాడు. పారిపోదామంటే వెనక డ్రమ్ములున్నాయి. ఆయన నా దగ్గరికొచ్చి, జనాన్ని కాస్త నెమ్మదించమని చెప్పడానికి కాబోలు, చాలా మర్యాదగా, తన రెండు చేతులూ పైకెత్తాడు.

నేను అడ్డుపడేలోపే అయిపోయింది. ఈసారి స్తోత్రాలతో ఆగలేదు. తెల్లజుట్టు, శాలువాలు, పూలదండ, ఎత్తిన చేతులు, ఇంకేం కావాలి? ఒక ముసలమ్మ మనవణ్ణి చంకనేసుకుని స్టేజీ ముందుకొచ్చి మోకరించింది. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక వరస. ఇంజనీరింగ్ పిల్లలు హాల్‌టికెట్లు పట్టుకొచ్చారు. ఒకతను కొత్త బండి తాళం తెచ్చాడు. పెద్దాయన నా వైపు తిరిగి, వీళ్ళంతా ఏం అడుగుతున్నారని అడిగాడు. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యమంటున్నారని చెప్పాను. తాను పాస్టర్ని కాదు, పాటలు కట్టేవాణ్ణని ఆయన అన్నాడు. కోదాడ పాస్టరుగారు వరస వైపు ఒకసారి చూసి, ఇప్పుడా మాట నేను చెప్పలేనన్నారు.

పెద్దాయన కిందికి వంగి, ఆ ముసలమ్మ తల మీద చెయ్యి పెట్టి, తన పాటలోని చివరి పాదాన్ని, అదే, మేము ఎవరికీ వినపడకుండా పాడిన పాదాన్ని, మెల్లగా పాడాడు. వరసలో ఒక్కొక్కరికీ అదే. మనవడికీ అదే, హాల్‌టికెట్‌కూ అదే, బండి తాళానికీ అదే. నేను పక్కన నిలబడి ఆమేన్ అన్నాను.

వరస అయ్యాక ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. తిట్టండి అన్నట్టు తల వంచాను. ఆయన ఇంగ్లీషులో చెప్పింది ఇది: ఆ రోజు మా ఊరి ఆడవాళ్ళందరికీ ఇలాగే అరవాలని ఉండింది, ఒక్కరికీ ధైర్యం చాలలేదు. చెప్పి, శాలువాతో కళ్ళు తుడుచుకుని, బిర్యానీ కారంగా ఉంటుందా అని అడిగాడు.  కారంగానే ఉంటుందని తలూపాను.

పెద్దాయన క్షమించాడు సరే, మామ సంగతేమిటి? పెద్దాయన కారు విజయవాడ వైపు కదలగానే మామ నన్ను వంట చేసేచోటికి పిలిచాడు. శాంతి కూడా వచ్చింది. మామ మొహం మిల్లులో బెల్టు తెగినప్పటిలా ఉంది.

“పాట ఆగమైంది.”

నేను అవునన్నాను.

“మాటంటే మాట. ఖమ్మానికి ఫోన్ జేస్త.” జేబులో చెయ్యి పెట్టాడు.

శాంతి ఏ తొందరా లేకుండా తన ఫోను తీసింది. కోదాడ యూత్‌వాళ్ళు వీడియో పంపించారని, ఫోన్ చేసేముందు ఒకసారి చూడమని నాన్నకు చూపించింది. తెర మీద నా వీపు, ఎత్తిన చేతులు. నిశ్శబ్దం. ముందు వరసలో సోఫా పక్కన ఒక మనిషి స్ప్రింగులా లేచి, రెండు చేతులూ ఎత్తి, మిల్లు మోతను మించిన గొంతుతో స్తోత్రం అన్నాడు. టెంటు మొత్తం ఆయన వెనకే అందుకుంది.

“నాన్నా, ఇదెవలి గొంతు?”

మామ తెరను చూశాడు, నన్ను చూశాడు, బిర్యానీ గుండిగను చూశాడు. చేతిల పెట్టె ఉంటే గట్లయ్యేది గాదు, చేతులు ఖాళీగ ఉండె అని గొణిగాడు.

“దాన్ని తీసెయ్ బిడ్డా.”

“తీసేస్త. పెళ్ళయినంక.”

మామ జేబులోంచి చెయ్యి ఖాళీగా బయటికి తీశాడు. తర్వాత నా వైపు తిరిగి, మళ్ళీ ఆ తగ్గించిన గొంతుతో అన్నాడు. “బయటోనికిస్తే గీ ముచ్చట ఖమ్మం దాక పోతది. నీకిస్తే ఇంట్లనే ఉంటది. నోరు మూసుకొని ఉంటవా?”

ఉంటానన్నాను. అలా నాకు పెళ్ళయింది. పెళ్ళి రోజున శాంతి మాట ప్రకారం ఆ వీడియో తీసేసింది. తన ఫోన్లోంచి నా ఫోన్లోకి.

నోరు మూసుకుని ఉంటానన్న మాట ఇదిగో ఇక్కడ తప్పాను, మామ పుస్తకాలు చదవడన్న ధైర్యంతో. కానీ అంతకంటే పెద్ద ఒట్టు ఒకటి ఆ రాత్రి కోదాడ బస్టాండులో పెట్టుకున్నాను, దాన్ని మాత్రం చచ్చేదాకా తప్పను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఎక్కడా, ఏ కారణం చేతనూ, నలుగురి ముందు రెండు చేతులు ఒకేసారి పైకెత్తను. బస్సు ఆపాలన్నా ఒక్క చెయ్యే. దొంగ కత్తి చూపించి చేతులెత్తమన్నా సరే, ఒక్క చెయ్యే. రెండోది కూడా కావాలంటే ముందు మా మామను అక్కడి నుంచి పంపించెయ్యమని బతిమాలుకుంటాను.